సెల్‌ఫోనులో తపాలు

పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆదోనిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన ఉద్యోగానికి దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఎవరో ఒక పెద్దమనిషి ఆ తీర్పు గురించి మాట్లాడతారు, మనం చప్పట్లు కొడతాం. ఈసారి మన కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "మనవాళ్ళు చాలామంది కొత్తగా పెద్ద ఫోన్లు కొన్నారు, పిల్లలు వాట్సాప్ పెట్టించి ఇచ్చి వెళ్ళిపోయారు, ఏది పంపాలో ఏది పంపకూడదో ఎవరూ చెప్పడం లేదు, మీరు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇందులో పండితుణ్ణి కానని మనవి చేశాను. "తెలిసినవాడు కావాలంటే వేరేవాళ్ళను పిలవండి, తప్పు చేసినవాడు కావాలంటే నేను వస్తాను" అన్నాను. ఆయన నవ్వి, తప్పు చేసినవారే రండి అన్నారు. కనుక వచ్చాను.

నేను 1973లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. అంతా రెవెన్యూలోనే. తాలూకా ఆఫీసులు చూశాను, 1985లో అవి పోయి మండలాలు వస్తే అవీ చూశాను. చేరిన కొత్తలో నన్ను తపాలు సెక్షన్లో వేశారు. అక్కడ మా హెడ్ క్లర్కుగారికి ఒక అలవాటుండేది. ఏ కాగితం అవుట్‌వర్డుకు వచ్చినా ముందు విషయం చదివేవారు కాదు. అడుగున సంతకం చూసేవారు. తర్వాత పైన నంబరు, ఆ పక్కన తేదీ. తర్వాత ఎవరికి పోతోందో ఆ చిరునామా. ఈ నాలుగూ సరిగ్గా ఉంటేనే విషయంలోకి వెళ్ళేవారు. "విషయం ఎంత కంగారు పెడితే అంత నిదానంగా చూడప్పా" అనేవారు. ఒకసారి సంతకం లేని మెమో ఒకటి నా చేతి మీదుగా బయటికి పోయింది. మర్నాడు నా సొంత ఖర్చుతో బస్సెక్కి ముప్పై కిలోమీటర్లు పోయి ఆ కాగితం వెనక్కి తెచ్చుకున్నాను. టీ డబ్బులు కూడా మిగల్లేదు. ముప్పై ఐదేళ్ళ సర్వీసులో మళ్ళీ ఆ తప్పు చేయలేదు. డెబ్బై దాటాక చేశాను.

ఇక్కడ ఒక మాట. ఇప్పుడు చెప్పబోయేది ఇంకొకరికి సంబంధించిన సంగతి. వారిని అడిగి, వారు సరేనన్న తర్వాతనే చెబుతున్నాను. "చెప్పండి సార్, పేరు మాత్రం వద్దు" అన్నారు. ఊరు పేరు కూడా నేను చెప్పను. వారు ఈ హాల్లో ఉన్నారో లేదో చూడటానికి దయచేసి ఎవరూ మెడలు తిప్పవద్దు.

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాములో 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. అది మీకందరికీ తెలుసు. నాకు అప్పటికి తెలియదు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి, అలవాటుగా ఫోను చూశాను. ఒక బంధువు దగ్గరనుండి మెసేజి. తుంగభద్ర డ్యాం తెగిపోయింది, మంత్రాలయం వైపు ఊర్లన్నీ గంటల్లో మునుగుతాయి, వెంటనే ఖాళీ చేయండి, అందరికీ పంపండి. కింద ఒక ఫోటో. వీధిలో నడుముల దాకా నీళ్ళు, మేడల మీద జనం.

గుండె గుభేలుమంది. 2009 అక్టోబరు 2 చూసినవాళ్ళం మనం. మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది, మన సాటి ఉద్యోగులు ఎందరో కట్టుబట్టలతో మిగిలారు. ఆ భయం ఒంట్లో ఉంది కాబట్టి ఇంకేమీ ఆలోచించలేదు. లైటు కూడా వేయకుండా, మంచం మీద కూర్చునే మన సంఘం గ్రూపుకు పంపాను. ఏటి ఒడ్డు ఊర్లలో ఉండే ముగ్గురికి విడిగా పంపాను. మంచి పని చేశాననుకుని కాఫీ పెట్టమని అడిగాను కూడా.

ఆ ముగ్గురిలో ఒకాయన మా ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైనాయన. భార్యాభర్తలిద్దరే ఉంటారు, పిల్లలు బెంగుళూరులో. నా మెసేజి చూసి భార్యను లేపారు, గొడ్లను విప్పారు, ఆ వేళకు ఆటో దొరక్క చీకట్లో మిట్ట వైపు నడక మొదలుపెట్టారు. ఊరి బయట కల్వర్టు దగ్గర కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. కర్నూలులో ఆపరేషను, మూడు నెలలు మంచం. ఇప్పుడు చేతికర్ర లేనిదే వాకిట్లోకి రాలేరు.

ఆ ఊరికి చుక్క నీరు రాలేదు.

తెల్లవారాక వచ్చిన అసలు వార్త ఇది. డ్యాముకు 33 గేట్లున్నాయి, అందులో ఒకటి పోయింది. ఆ గేటు మీద భారం తగ్గించడానికి మిగతా గేట్లు ఎత్తి లక్ష క్యూసెక్కుల దాకా నీళ్ళు వదులుతున్నారు. మన వైపు కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో ఏటి ఒడ్డున ఉన్నవారు జాగ్రత్తగా ఉండాలి, ఏట్లో దిగకూడదు. అంతే. డ్యాం డ్యాములాగే ఉంది. వారం లోపల అక్కడ తాత్కాలికంగా స్టాప్‌లాగ్ పలకలు దించి నీరు ఆపేశారు. నాకొచ్చిన ఫోటో మా మనవరాలు చూసి, గూగుల్ లెన్సులో పెట్టి, ఇది 2009 నాటిది తాతా అని అరనిమిషంలో తేల్చేసింది.

నేను ఆస్పత్రికి పోయాను. ఏమని మాట్లాడాలో తెలియక పక్కన నిలబడ్డాను. ఆయనే అన్నారు, "మీరు పంపినారు గదా సార్, ఇంగ నిజమే అనుకుంటి." తిట్టి ఉంటే బాగుండేది. ఆ మెసేజి ఎవరో ఊరూ పేరూ తెలియనివాడి దగ్గరనుండి వచ్చి ఉంటే ఆయన కదిలేవారు కాదు. పాతికేళ్ళు నా టేబులు పక్కన స్టూలు మీద కూర్చుని, నేను సంతకం లేని కాగితం ముట్టనని చూసిన మనిషి ఆయన. ఆ నమ్మకం మీదే నడిచారు.

ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. ఇది ఈ రోజు దాకా మీకెవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నమే నేను గ్రూపులోంచి ఆ మెసేజి తీసేశాను. పంపిన రెండు రోజుల పైచిలుకు దాకా అందరి ఫోన్లలోంచీ తొలగించే వీలు వాట్సాప్‌లో ఉంది. ఎమ్మిగనూరు మిత్రుడొకరు "ఎవరో ఏదో తీసేసినారే, ఏంది అది?" అని గ్రూపులో అడిగారు. ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. అప్పటికే మీలో పదిమంది దాన్ని వేరేవాళ్ళకు పంపి ఉంటారు. నా దగ్గర తీసేసినంత మాత్రాన మీరు పంపినవి పోవు. ఆఫీసులో ఒక తప్పు ఉత్తర్వు బయటికి పోతే ఏం చేసేవాళ్ళం? రిజిస్టరులో పేజీ చింపేసేవాళ్ళమా? పాత నంబరు ఉదహరిస్తూ, ఫలానా చోట ఫలానా విధంగా చదువుకోవలసిందని సవరణ పంపేవాళ్ళం. మొదటిది ఎవరెవరికి పోయిందో వాళ్ళందరికీ పంపేవాళ్ళం. నేను చేయవలసింది అది. చేసింది పేజీ చింపడం.

కాబట్టి మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే, మిగతావన్నీ దాని పిల్లలు. ఫార్వర్డు నొక్కడమంటే మన పేరుతో ఒక కాగితం అవుట్‌వర్డు చేయడమే. "నేను రాయలేదు, వచ్చింది పంపాను" అంటే కుదరదు. నకలు మీద 'నిజ ప్రతి' అని సంతకం పెట్టినవాడు కూడా అసలు నేను రాయలేదు గదా అనవచ్చు. అంటే ఊరుకునేవారా?

నాకొచ్చిన మెసేజిని మా హెడ్ క్లర్కుగారి పద్ధతిలో చూడండి. సంతకం లేదు, ఏ అధికారి చెప్పాడో లేదు. నంబరు లేదు. తేదీ లేదు, "ఈ రాత్రి" అని ఉంది, ఏ రాత్రో ఎవరికి తెలుసు? చిరునామా "అందరికీ". నాలుగింటిలో ఒక్కటీ లేదు.

అందులో తేదీ సంగతి నేను ప్రత్యేకంగా చెబుతాను. అబద్ధం మెసేజీల్లో చాలా వాటిలో ఒకప్పుడు నిజమైన ముక్క ఉంటుంది. నా ఫోటో అబద్ధం కాదు, పదిహేనేళ్ళ పాతది. మన ఆదోని యార్డులో పత్తి ధర ఫలానా అని మెసేజి వస్తుంది. ధర నిజమే, ఏ వారం ధర? అది నమ్మి అద్దె ఇచ్చి బండి కట్టించుకొచ్చిన రైతు యార్డులో నిలబడి ఎవరిని అడగాలి? మనలో సగం మందికి ఇప్పటికీ ఎకరమో రెండెకరాలో ఉంది, మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక, ఫోనే మనకు ఒక గుర్తు ఇస్తుంది. మెసేజి పైన చిన్న బాణం గుర్తుంటే అది పంపినవారు రాసింది కాదు, ఎక్కడినుండో వచ్చింది. జంట బాణాలుంటే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఒంటి బాణం 2018లో పెట్టారు, జంట బాణాలు 2019లో. ఒక మెసేజిని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా మన దేశంలో 2018లోనే కట్టడి చేశారు. 2020 నుండి జంట బాణాల మెసేజిని ఒకసారికి ఒక్క చోటికే పంపగలం. మనవాళ్ళు కొందరు ఫోను చెడిపోయిందని షాపుకు పట్టుకుపోతున్నారు. చెడిపోలేదు. ఆలోచించమని చెబుతోంది.

ఆ కట్టడి ఊరికే రాలేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతా వాట్సాప్‌లో పుకారు పాకింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో అయిదుగురిని జనం కొట్టి చంపారు. అదే నెలలో మనకు దగ్గరే, బీదరు జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు పంచారన్న నేరానికి హైదరాబాదు కుర్రాళ్ళను తరిమి కొడితే ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయింది. వీళ్ళను చంపినవాళ్ళు కరుడుగట్టిన నేరస్థులు కారు. పిల్లలున్న తండ్రులు, భయపడినవాళ్ళు.

మంచి జరిగిన చోటు కూడా మనకు పక్కనే ఉంది. ఏటికి అవతల జోగులాంబ గద్వాల జిల్లా. అప్పుడు అక్కడ రెమా రాజేశ్వరి గారు ఎస్.పి.గా ఉన్నారు. ఆవిడ ఊరికొక పోలీసును నియమించి, వారిని ఊళ్ళకు పంపి అరుగుల మీద కూర్చోబెట్టారు. ఊరి గ్రూపుల్లో పోలీసులు చేరారు. ఏ మెసేజి వచ్చినా ముందు వారిని అడగమన్నారు. డప్పు కొట్టి, పాట కట్టి చెప్పించారు. ఆవిడ చూసిన నాలుగు వందల పైచిలుకు గ్రామాల్లో ఆ పుకారుకు ఒక్క ప్రాణం పోలేదు. నన్నడిగితే అక్కడ పనిచేసింది టెక్నాలజీ కాదు. అడగడానికి ఒక మనిషి ఉండటం.

మనకూ అలాంటి మనిషి ఒకరు కావాలి. పెన్షన్ వార్త వస్తే మన సంఘంలో అడగండి, ట్రెజరీలో అడగండి. జి.ఓ. అని వస్తే నంబరు, తేదీ, ఏ శాఖ, ఎవరి సంతకం అని చూడండి. ఆ చూపు మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు, జీవితమంతా అదే చేశాం. 2020 ఏప్రిల్‌లో కేంద్ర పెన్షనర్లకు 20 శాతం కోత అని ఒక వార్త తిరిగింది. అది అబద్ధమని ఆర్థిక శాఖ 19వ తేదీన చెప్పింది. నాలుగు రోజులు తిరక్కుండానే, 23వ తేదీన, డి.ఏ., డి.ఆర్. మూడు విడతలు ఆపుతూ ఉత్తర్వు నిజంగానే వచ్చింది. అంతకుముందు మార్చి 31న మన రాష్ట్రంలో జీతాలు, పెన్షన్లు కొంత భాగం వాయిదా వేస్తూ జి.ఓ. వచ్చింది, అదీ నిజమే. ఇలాంటి నిజాల మధ్యన దూరుతుంది కాబట్టే అబద్ధాన్ని నమ్ముతాం. అన్నీ అబద్ధాలే అని కొట్టిపారేసేవారూ నష్టపోతారు. చూడాలి, అంతే.

మరి నిజంగానే ప్రమాదం వస్తే? ఏరు నిజంగా పొంగితే నాలుగు లక్షణాలు చూసుకుంటూ కూర్చోవాలా అని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు నేను మా అటెండరుకు మెసేజి పంపకుండా ఫోను చేసి ఉంటే? "ఇట్లా ఒక వార్త వచ్చిందప్పా, నిజమో కాదో తెలియదు, ఊర్లో వి.ఆర్.వో. ఏమంటున్నాడు?" అని రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే ఆయన వాకిట్లోకి వచ్చి నలుగురిని అడిగేవారు. చీకట్లో కల్వర్టు దాటేవారు కాదు. ప్రమాదం అనిపించినప్పుడు నోటితో చెప్పండి. తెలియనిది తెలియదని నోరు చెప్పగలదు, ఫార్వర్డు చెప్పలేదు.

మన సొంత కాగితాల విషయం. పి.పి.ఓ. ఫోటో తీసి, ఆధారు ఫోటో తీసి, "నాకు ఏరియర్సు రాలేదు, ఎవరైనా చూడండి" అని గ్రూపులో పెట్టేవారున్నారు. గ్రూపులో రెండు వందల మంది. అందరూ మనకు తెలుసా? ఆఫీసులో చిన్నా చితకా కాగితాలు ఎల్.డిస్. చేసి కొన్నాళ్ళకు చించేసేవాళ్ళం, ముఖ్యమైనవి ఆర్.డిస్. చేసి రికార్డు రూములో దాచేవాళ్ళం. ఫోన్లో ఎల్.డిస్. లేదు. పెట్టిందల్లా ఎవరి ఫోన్లోనో ఆర్.డిస్. అయి కూర్చుంటుంది. అడగవలసినవారిని ఒక్కరినే విడిగా అడగండి, నంబర్లు చెరిపేసి పంపండి.

జీవన ప్రమాణ పత్రం 2014 నుండి ఇంటి దగ్గరే ఇచ్చే సౌకర్యం వచ్చింది. మంచిదే. కానీ ఆ రోజులు వచ్చాయంటే దొంగ లింకులు కూడా బయలుదేరతాయి. ఇది నొక్కకపోతే మీ పెన్షన్ ఆగిపోతుంది అని ఉంటుంది. ఏ.పి.కె. అన్న మూడు అక్షరాలతో ముగిసే ఫైలు వస్తే, కన్నకొడుకు పంపినా నొక్కవద్దు, ముందు కొడుక్కి ఫోను చేయండి. అతని ఫోను ఎవరి చేతిలో ఉందో తెలియదు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. దాచుకోవడంలో నా అనుభవం ఇందాకే చెప్పాను.

సంతాపాల గురించి కూడా చెప్పాలి. ఒక మిత్రుడు బతికుండగానే మన గ్రూపులో ఓం శాంతి పెట్టారు. ఒకరు పెట్టారని నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వారి కోడలు ఆ సాయంత్రం, "మామగారు భోంచేస్తున్నారండీ" అని రాసింది. ఇప్పుడు నవ్వుతున్నాం గానీ ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మరణవార్త కుటుంబసభ్యుల నోటి వెంట విని, వారు తెలియజేయమంటేనే పెట్టాలి. ఆస్పత్రి మంచం మీద ఉన్నవారి ఫోటోలు అసలు పెట్టవద్దు. మనవళ్ళ ఫోటోలైనా వాళ్ళ అమ్మానాన్నలను అడిగి పెట్టండి. మా మనవరాలు ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో తీసిన తన ఫోటో నేను అడక్కుండా పెట్టానని రెండు రోజులు మాట్లాడలేదు.

శుభోదయాల సంగతి మాట్లాడితే సభలో సగం మందికి కోపం వస్తుంది. పొద్దున్నే పువ్వు బొమ్మ పంపితే ఫలానాయన క్షేమంగా ఉన్నాడని తెలుస్తుంది, ఒంటరిగా ఉన్నవారికి అది చిన్న విషయం కాదు. నేను వద్దనను. కానీ సంఘం గ్రూపులో వంద పువ్వుల కింద ట్రెజరీ సమాచారం పూడిపోతోంది. పువ్వులకు వేరే గ్రూపు పెట్టుకుందామని కార్యదర్శిగారికి నా మనవి. మతం, పార్టీ రెండూ ఆ పువ్వుల గ్రూపులో కూడా వద్దు. ఆఫీసులో ఒకే బెంచీ మీద తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడుకుంటూ ముప్పై ఏళ్ళు టీ తాగినవాళ్ళం. రిటైరయ్యాక ఎవడో రాసిన రాతకు మనలో ఇద్దరు పలకరింపులు మానుకున్నారు. వారి పేర్లు నేను చెప్పను, వారికే తెలుసు. ఈ రోజు భోజనాల దగ్గర పక్కపక్కన కూర్చోబెట్టమని వంటవారికి చెప్పి ఉంచాను.

చివరిగా ఒక పని మిగిలింది. మిత్రులారా, 2024 ఆగస్టు 11 ఉదయం తుంగభద్ర డ్యాం తెగిపోయిందని సంఘం గ్రూపులో నేను పంపిన మెసేజి తప్పు. డ్యాం తెగలేదు, 19వ నంబరు గేటు మాత్రమే పోయింది. ఫోటో 2009 నాటిది. దాన్ని మీలో ఎవరెవరు ఎవరెవరికి పంపారో, వీలైతే వారికి ఈ సవరణ తెలియజేయ ప్రార్థన. ఈ ముక్క ఈ రోజు గ్రూపులో కూడా పెట్టాను, కింద నా పేరు, తేదీ ఉన్నాయి.

సభ ముగిశాక మా మనవరాలు ద్వారం పక్కన టేబులు దగ్గర కూర్చుంటుంది. తెలియనివారు మనల్ని గ్రూపుల్లో చేర్చకుండా ఎక్కడ నొక్కాలో, ఫోటోలు వాటంతటవే ఫోన్లోకి దిగకుండా ఎలా ఆపాలో, రెండు దశల పిన్ను ఎలా పెట్టుకోవాలో ఒక్కొక్కరికీ చూపిస్తుంది. పిన్ను మాత్రం మీరే నొక్కండి, ఆమెకు కూడా చెప్పవద్దు. కళ్ళజోళ్ళు మరచిపోయినవారు పక్కవారివి అడగండి. ఎమ్మిగనూరు వెళ్ళవలసినవారిని ముందు పంపిద్దాం, వారికి బస్సు ఉంది.